కరెంటు కబుర్లు: కాపులుప్పాడ చెత్తదిబ్బ గ్యాసుతో కరెంటు తీయొచ్చా?

పోయిన సంచికలో ల్యాండ్‌ఫిల్ గ్యాస్ (చెత్తదిబ్బ కుళ్లి వచ్చే గ్యాసు) అని ఒక్క ముక్క అని వదిలేశాను, ఉత్తరాలు వచ్చి పడ్డాయి, అందులో ఎక్కువ మన వైజాగ్ నుంచే. ఈసారి ఇన్వర్టర్ బ్యాటరీలు, ఏసీ బిల్లులు పక్కన పెట్టి మొత్తం కాలమ్ చెత్తకే ఇచ్చేస్తున్నా. అన్నం తింటూ చదవకండి.

ప్రశ్న: వైజాగ్ చెత్త చేరే కాపులుప్పాడలో ఉన్న పవర్ ప్లాంటు చెత్తదిబ్బలోంచి వచ్చే గ్యాసుతో నడుస్తుందని మావారు అంటారు. కాదు, చెత్తనే తగలబెడతారని మా అబ్బాయి అంటాడు. అటువైపు వెళ్లినప్పుడల్లా కారులో ఇదే గొడవ. ఎవరిది నిజం?
— ఒక గృహిణి, మధురవాడ

జవాబు: మీ అబ్బాయే గెలిచాడమ్మా. అక్కడున్నది 15 మెగావాట్ల ప్లాంటు, 2022లో ప్రారంభమైంది. ఇలాంటి ప్లాంట్లలో బళ్ల మీద వచ్చిన చెత్తను ముందు పెద్ద గోతిలో పోసి కొన్నాళ్లు నీరు కారనిస్తారు, తర్వాత క్రేన్‌తో ఎత్తి బాయిలర్‌లో వేసి మండిస్తారు, ఆ వేడికి నీళ్లు ఆవిరై టర్బైన్‌ను తిప్పుతాయి. పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ ప్లాంటులో బొగ్గుతో జరిగే పనే ఇక్కడ చెత్తతో జరుగుతోంది, అంతే తేడా.

ల్యాండ్‌ఫిల్ గ్యాస్ ప్లాంటు సంగతి వేరు. అందులో చెత్తను ఎవరూ కదపరు, కాల్చరు. మట్టి కప్పేసిన దిబ్బలో చెత్త తనంతట తాను కుళ్లుతూ ఉంటుంది, కుళ్లినప్పుడు పుట్టే గ్యాసును గొట్టాలు దించి లాగి, శుభ్రం చేసి, ఇంజన్లో మండిస్తారు. ఆవిరి లేదు, బాయిలర్ లేదు, చిన్న ప్లాంటయితే చిమ్నీ కూడా కంటెయినర్ మీద పొగగొట్టం అంతే ఉంటుంది. మీవారిని మరీ తీసిపారేయకండి, దిబ్బలో గ్యాసు పుడుతుందన్న మాట వరకు ఆయనదీ నిజమే. ఎండాకాలంలో డంపింగ్ యార్డులు తగలబడి రోజుల తరబడి ఆరకపోవడానికి ఒక కారణం ఆ గ్యాసే.

ప్రశ్న: నేను పాలిటెక్నిక్ మెకానికల్ చదువుతున్నాను. చెత్తలో గ్యాసు ఎలా పుడుతుంది, దాన్ని కరెంటు దాకా ఎలా తెస్తారు, మొదట్నుంచీ చెప్పగలరా? స్టీల్ ప్లాంటులో కూడా గ్యాసుతోనే కరెంటు తీస్తారని మా నాన్న అంటారు, రెండూ ఒకటేనా?
— ఒక విద్యార్థి, గాజువాక

జవాబు: మంచి ప్రశ్న బాబూ, కొంచెం ఓపిగ్గా చదువు.

చెత్తను దిబ్బగా పోసినప్పుడు మొదట్లో దాని సందుల్లో గాలి ఉంటుంది, ఆ గాలిలోని ఆక్సిజన్ వాడుకునే సూక్ష్మజీవులు కూరగాయ తొక్కలు, అన్నం, ఆకులు తింటూ కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. పైన ఇంకో పొర చెత్త, మట్టి పడ్డాక ఆక్సిజన్ అయిపోతుంది, అప్పుడు గాలి అక్కర్లేని జాతులు పనిలోకి దిగుతాయి. ఇవి ముందు అంతా పులియబెట్టి ఆమ్లాలు చేస్తాయి (డంపింగ్ యార్డు పక్కన ముక్కు అదిరే ఆ పుల్లటి కంపు ఈ దశదే), ఆ ఆమ్లాలను తిని మీథేన్ వదిలే జీవులు ఆ తర్వాత వస్తాయి. ఇదంతా కుదురుకోవడానికి కొన్ని నెలల నుంచి ఏడాది, ఒక్కోచోట అంతకంటే ఎక్కువే పడుతుంది. కుదురుకున్నాక వచ్చే గ్యాసులో దాదాపు సగం మీథేన్, మిగతాది చాలావరకు కార్బన్ డయాక్సైడ్, కొద్దిగా నీటి ఆవిరి, హైడ్రోజన్ సల్ఫైడ్, ఇంకా సిలోక్సేన్లు అని ఒక తలనొప్పి. షాంపూలు, క్రీములు, డియోడరెంట్ల నుంచి వచ్చే సిలికాన్ పదార్థాలవి. వాటి సంగతి చివర్లో ఇంకో ఉత్తరంలో వస్తుంది.

ఇక గ్యాసు లాగడం. దిబ్బలోకి రెండు మూడడుగుల వెడల్పున బోరు వేస్తారు, అందులో చిల్లులు పెట్టిన ప్లాస్టిక్ గొట్టం దించుతారు, చుట్టూ కంకర పోస్తారు, పైభాగంలో గాలి దూరకుండా బంకమట్టి బిగిస్తారు. గొట్టం తలమీద ఒక వాల్వు, గ్యాసు శాంపిల్ తీయడానికి చిన్న నాజిల్. దీన్నే వెల్ అంటారు. పెద్ద దిబ్బ మీద ఇలాంటివి పదుల్లో ఉంటాయి, అన్నీ ఒక పెద్ద గొట్టానికి కలుస్తాయి, ఆ గొట్టం చివర బ్లోయర్ ఉండి లోపలి నుంచి మెల్లగా పీలుస్తూ ఉంటుంది. ఇనుప గొట్టాలు ఎందుకు వాడరంటే, దిబ్బ ఒక్కచోట నిలవదు. కుళ్లేకొద్దీ కుంగుతుంది, ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ. ఇనుమైతే విరుగుతుంది, ప్లాస్టిక్ వంగుతుంది. అయితే వంగినచోట పల్లం ఏర్పడి అందులో నీళ్లు నిలుస్తాయి, ఎందుకంటే దిబ్బలోంచి వచ్చే గ్యాసు వెచ్చగా, తడిగా ఉంటుంది, బయటి గొట్టంలోకి రాగానే ఆ తడి నీరుగా మారుతుంది. ఆ నీళ్లు గొట్టాన్ని మూసేస్తే అవతలి వెల్స్ అన్నీ చచ్చినట్టే. అందుకే గొట్టాలను వాటంగా వేసి, మధ్యమధ్య నీళ్లు పట్టే తొట్లు పెడతారు. ఇంజనీరింగ్ పుస్తకంలో ఇది ఒక వాక్యం, ప్లాంటులో ఇది సగం ఉద్యోగం.

బ్లోయర్ దాటాక గ్యాసును చల్లబరిచి నీరు తీస్తారు, ఫిల్టర్ చేస్తారు, అవసరమైతే యాక్టివేటెడ్ కార్బన్ గుండా పంపుతారు, అప్పుడు ఇంజన్‌కు ఇస్తారు. లారీ ఇంజన్ లాంటిదే కానీ డీజిల్ బదులు గ్యాసు, స్పార్క్ ప్లగ్గులు, పదహారో ఇరవయ్యో సిలిండర్లు. మన 50 హెర్ట్జ్‌కు సాధారణంగా నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది, దాని షాఫ్టుకే ఆల్టర్నేటర్. అక్కడి నుంచి ట్రాన్స్‌ఫార్మర్, బ్రేకర్, డిస్కం లైను. గ్యాసులో ఉన్న శక్తిలో సుమారు 35 నుంచి 42 శాతం కరెంటు అవుతుంది, మిగతాది సైలెన్సర్‌లోంచి, రేడియేటర్‌లోంచి వేడిగా పోతుంది.

ఇంజన్ పక్కనే ఫ్లేర్ అని ఒక పెద్ద మంట గొట్టం తప్పనిసరిగా ఉంటుంది. గాలివానకు గ్రిడ్ పోయిందనుకో, బ్రేకర్ ట్రిప్ అవుతుంది, ఇంజన్ ఆగుతుంది, కానీ దిబ్బకు ఆ సంగతి తెలియదు కదా, అది గ్యాసు వదులుతూనే ఉంటుంది. అప్పుడు ఆ గ్యాసంతా ఫ్లేర్‌కు మళ్లించి కాల్చేస్తారు.

మీ నాన్నగారి మాట నిజమే. స్టీల్ ప్లాంటులో బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుము కరిగించే కొలిమి) నుంచి, కోక్ ఓవెన్ల (బొగ్గును కోక్‌గా మార్చే బట్టీల) నుంచి వచ్చే గ్యాసులను వదిలేయకుండా సొంత పవర్ ప్లాంటులో వాడుకుంటారు. కానీ బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాసు బలహీనమైనది, ఘనపు మీటరుకు 800 కిలో కేలరీల చిల్లర. ల్యాండ్‌ఫిల్ గ్యాసు దానికి అయిదు రెట్లు, 4,300 దగ్గర ఉంటుంది, సహజవాయువులో సగం అనుకో. అందుకే దీన్ని నేరుగా ఇంజన్లో మండించగలరు. ఇంకో తేడా, ఫర్నేస్ ఎప్పుడు ఎంత గ్యాసు ఇస్తుందో మేనేజర్ చేతిలో ఉంటుంది, దిబ్బ ఎవరి మాటా వినదు.

ప్రశ్న: నేను బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయినవాణ్ణి. నాకు మెషీన్లు వద్దు, అంకెలు కావాలి. ఇంత చెత్తకు ఎంత కరెంటు?
— ఒక పాఠకుడు, సీతమ్మధార

జవాబు: మీలాంటివారి ఉత్తరమంటే నాకు భయమండీ, అయినా రాస్తున్నా.

ఒక మెగావాటు ఇంజన్ పూర్తి లోడు మీద నడవాలంటే, సగం మీథేన్ ఉన్న గ్యాసు గంటకు సుమారు 500 ఘనపు మీటర్లు కావాలి. అంటే ఘనపు మీటరుకు దాదాపు రెండు యూనిట్లు. మరి 500 ఘనపు మీటర్లకు ఎంత చెత్త కావాలి? అమెరికా పర్యావరణ సంస్థ వాడే బండ లెక్క ప్రకారం 10 లక్షల టన్నుల చెత్త ఉన్న దిబ్బ 0.78 మెగావాట్లు ఇస్తుంది. రోజుకు వెయ్యి టన్నులు పోసే ఊరు అనుకుందాం, 10 లక్షల టన్నులు పోగవడానికి సుమారు రెండేళ్ల తొమ్మిది నెలలు పడుతుందని తేలుతుంది. అంత కుప్ప పోశాక చేతికొచ్చేది ముప్పాతిక మెగావాటు. సింహాద్రి 2,000 మెగావాట్లు. ఆ అంకెల పక్కన ఈ అంకె పెట్టి చూస్తే నవ్వొస్తుంది.

కానీ అలా చూడకూడదు. ఒక మెగావాటు ఇంజన్ రోజంతా నడిస్తే 24,000 యూనిట్లు, ఆగిన గంటలు, ప్లాంటు సొంత వాడకం తీసేస్తే 20,000 అనుకోండి. నెలకు 200 యూనిట్లు వాడే ఇళ్లకు లెక్కేస్తే మూడు వేల ఇళ్లు. పైగా ఇది సోలార్‌లాగా సాయంత్రం ఆరింటికి ఇంటికి పోదు, రాత్రంతా వస్తుంది.

అసలు చిక్కు వేరేచోట ఉంది. ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు వడ్డీ ఏటా అంతే వస్తుంది, దిబ్బకు రాదు. చెత్త పోయడం ఆపిన కొంతకాలం వరకు గ్యాసు గట్టిగా వచ్చి, తర్వాత ఏటా తగ్గుతూ పోతుంది. చలిదేశాల్లో, వాన తక్కువ పడే చోట్ల ఈ తగ్గుదల ఇరవై, ముప్పై ఏళ్లు నెమ్మదిగా సాగుతుంది. లాస్ ఏంజెలెస్ దగ్గర ప్యుయెంటే హిల్స్ అని పెద్ద దిబ్బ ఉంది, 2013లో చెత్త పోయడం ఆపేశారు, ఆ తర్వాత కూడా దాని గ్యాసుతో కరెంటు తీస్తూ వచ్చారు. మన దగ్గర వేడి ఎక్కువ, చెత్తలో సగానికి పైగా వంటింటి తడి, కాబట్టి త్వరగా కుళ్లి త్వరగా గ్యాసు ఇచ్చేసి త్వరగా చల్లబడిపోతుంది. మొదటి రెండేళ్ల గ్యాసు చూసి మురిసిపోయి పెద్ద ఇంజన్ కొన్నవాడు అయిదో ఏడు సగం లోడు మీద నడుపుకుంటూ బ్యాంకు వాయిదాలు కడతాడు. అందుకే తెలిసినవాళ్లు ఒక పెద్ద ఇంజన్ బదులు చిన్నవి రెండు మూడు పెట్టి, గ్యాసు తగ్గినప్పుడు ఒకటి ఊడదీసి ఇంకో ఊరికి పంపేస్తారు. కంటెయినర్‌లో బిగించి అమ్మేది అందుకే.

ప్రశ్న: గోబర్ గ్యాసులాగా చెత్తదిబ్బలో ఒక పైపు గుచ్చి ఇంట్లో స్టవ్ వెలిగించుకోవచ్చా?
— ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: వద్దు. దయచేసి వద్దు. గోబర్ గ్యాసు తొట్టిలో ఏం పడుతుందో మీకు తెలుసు, దిబ్బలో ఏముందో ఎవరికీ తెలియదు. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది, మీ పైపులో గాలి ఎంత కలిసిందో కొలిచే సాధనం మీ దగ్గర లేదు. సరదా ఉంటే పెరట్లో చిన్న బయోగ్యాస్ తొట్టి కట్టించుకోండి.

ప్రశ్న: భీమిలి వైపు తక్కువ ధరకు స్థలం వస్తోంది. పక్కన పాత చెత్త పూడ్చిన గొయ్యి ఉందని, ఇప్పుడు మట్టి పోసి చదును చేసేశారు కాబట్టి ఏమీ ఫర్వాలేదని బ్రోకర్ అంటున్నాడు. వాసన కూడా ఏమీ లేదు. కొనొచ్చా?
— ఒక ఉద్యోగి, కొమ్మాది

జవాబు: మట్టి కప్పేస్తే గ్యాసు ఆగదు, పక్కకు పోతుంది. పైకి దారి మూసుకుపోయినప్పుడు అది వదులుగా ఉన్న ఇసుక పొరల్లోంచి, రాతి పగుళ్లలోంచి, డ్రైనేజీ పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచి నడిచి పక్కింటి పునాది కిందకు చేరుతుంది. వాసన లేదన్నది ధైర్యం కాదు. మీథేన్‌కు రంగూ వాసనా ఉండవు, మనకు తెలిసే కంపు మిగతావాటిది, అది మట్టిలోంచి వచ్చేటప్పుడు కొంత వడపోత అయిపోతుంది కూడా.

ఇంగ్లండులో డెర్బీషైర్‌లోని లాస్కో అనే ఊళ్లో 1986 మార్చి 24 ఉదయం ఒక ఇల్లు ఇలాగే పేలిపోయింది. దగ్గర్లో పూడ్చేసిన చెత్త గొయ్యి ఉంది, ఆ గ్యాసు నేల కిందుగా వచ్చి ఇంట్లో చేరింది. లోపలున్న ముగ్గురూ తీవ్రంగా గాయపడి ఎలాగో బతికారు. విచారణలో బయటపడ్డ ఒక సంగతి మన తీరానికి చాలా అవసరం. ఆ రాత్రి వాతావరణ పీడనం గబగబా పడిపోయింది. పైన గాలి బరువు తగ్గేసరికి నేలలో ఉన్న గ్యాసు ఒక్కసారి బయటికి తన్నుకొచ్చింది. మరి మన సంగతో? ప్రతి ఏడూ అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం అనే మాట వినని వారం ఉండదు. హుద్‌హుద్ నాడు కిటికీలు పట్టుకుని కూర్చున్నవాళ్లకు పీడనం పడిపోవడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

కాబట్టి ముందు ఆ గొయ్యి ఎప్పుడు పూడ్చారో, ఏం పోశారో కార్పొరేషన్‌లో రాతపూర్వకంగా అడగండి. భవనాల కూల్చివేత మట్టి అయితే పెద్ద ఇబ్బంది లేదు, ఇంటి చెత్త అయితే గ్యాసు పరీక్ష చేయించండి, అదీ ఒక్కరోజు కాదు, వానలప్పుడు, పీడనం తగ్గినప్పుడు కూడా. ఈలోగా ఆ స్థలంలో సంపు, సెప్టిక్ ట్యాంకు లాంటివి తవ్వితే ఎవరినీ నేరుగా లోపలికి దింపకండి. మీథేన్ పైకి పోయినా కార్బన్ డయాక్సైడ్ గోతిలోనే కూర్చుంటుంది, దిగినవాడికి ఊపిరాడదు, అతన్ని కాపాడబోయినవాడికీ అంతే. అగ్గిపుల్ల గీసి గ్యాసుందో లేదో చూద్దామన్న ఆలోచన బ్రోకర్‌కు వచ్చినా సరే ఒప్పుకోవద్దు. నన్నడిగితే అంత టెన్షన్ పడి కొనే స్థలం తక్కువ ధరకు వచ్చినట్టు కాదు.

ప్రశ్న: మీథేన్‌ను కాల్చినా వచ్చేది కార్బన్ డయాక్సైడే కదా. మరి పర్యావరణానికి మేలు ఎక్కడ?
— ఒక ఉపాధ్యాయిని, అక్కయ్యపాలెం

జవాబు: టీచరుగారూ, వేడిని పట్టి ఉంచడంలో మీథేన్ చాలా ముదురు. నూరేళ్ల లెక్కలో చూస్తే ఒక టన్ను మీథేన్ సుమారు 28 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం, ఇరవై ఏళ్ల లెక్కలో అయితే 80 దాటుతుంది. కాలిస్తే ఒక టన్ను మీథేన్ నుంచి 2.75 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంతే. అందుకే ముంబైలో గొరాయ్ డంపింగ్ గ్రౌండును మూసి కప్పినప్పుడు కూడా అక్కడి గ్యాసును గొట్టాలతో పట్టి కాల్చే పని పెట్టుకున్నారు. కరెంటు రాకపోయినా కాల్చడమే లాభం. ఈ ముక్క చాలామందికి ఎక్కదు, మంట చూసి వృథా అనుకుంటారు.

ప్రశ్న: హైదరాబాద్ చేస్తుంటే మనం ఎందుకు చేయట్లేదు? కాపులుప్పాడలో అంత దిబ్బ పెట్టుకుని గ్యాసు గాలికి వదిలేస్తున్నారు, ఇది చేతగానితనం కాదా?
— అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి, ఎంవీపీ కాలనీ

జవాబు: కార్యదర్శిగారూ, మీ ఆవేశం అర్థమవుతోంది కానీ గురి కొంచెం తప్పింది.

ల్యాండ్‌ఫిల్ గ్యాస్ తీయాలంటే దిబ్బ దానికి తగ్గట్టు కట్టినదై ఉండాలి. అడుగున ఊట నీరు ఇంకకుండా పొర, మధ్యలో రోజూ మట్టి, పైన గాలి దూరని కప్పు, వాన నీరు జారిపోయే వాలు. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో పాత దిబ్బను ముందు కప్పారు, గ్యాసు ప్రయత్నాలు ఆ తర్వాతే. మన ఊళ్లలో డంపింగ్ యార్డు అంటే లారీ వెళ్లి ఒంపేసి వచ్చే చోటు. కప్పు లేని కుప్పలోంచి గ్యాసు లాగబోతే గ్యాసుకంటే ముందు గాలి వస్తుంది. దానికి తోడు పైపైన ఎప్పుడూ ఎక్కడో ఒకచోట పొగ. కాలిపోయిన చెత్త గ్యాసు ఇవ్వదు. ఇక వానాకాలంలో వెల్స్‌లో ఊట నీరు నిండిపోతుంది, గొట్టానికున్న చిల్లులన్నీ ఆ నల్లనీళ్లలో మునిగాక బ్లోయర్ ఎంత పీల్చినా లాభం లేదు, ప్రతి వెల్‌లో పంపు దించి తోడుకోవాలి. తడి ఉంటే గ్యాసు బాగా పుడుతుంది, అదే తడి ఎక్కువైతే గ్యాసును బయటికి రానివ్వదు.

అంతకంటే పెద్ద సంగతి, 2016 ఘన వ్యర్థాల నిబంధనలే దిబ్బలు పోయొద్దన్నాయి. కుళ్లే చెత్తను ల్యాండ్‌ఫిల్‌కు పంపకూడదు, పాత దిబ్బలను వీలైనంతవరకు తవ్వి, జల్లెడ పట్టి, మట్టిని, ప్లాస్టిక్‌ను విడదీసి స్థలం ఖాళీ చేయాలి. కాపులుప్పాడ పాత కుప్ప కూడా ఆ బయోమైనింగ్ దారే పట్టింది. తవ్వి విడదీసే దిబ్బ మీద గ్యాసు వెల్స్ వేయడమంటే కూల్చే ఇంటికి రంగులు వేయించినట్టు.

కాబట్టి కాపులుప్పాడకు ల్యాండ్‌ఫిల్ గ్యాస్ ప్లాంటు వద్దనే నేనంటాను. మరి తడి చెత్త? దాన్ని దిబ్బ దాకా పోనివ్వకుండా మూసిన తొట్టిలో వేస్తే దిబ్బలో ఏళ్లు పట్టే పని వారాల్లో అయిపోతుంది. గాలి చొరబాటు లేదు, మీథేన్ 55-60 శాతం దాకా ఉంటుంది, వచ్చిన గ్యాసంతా చేతికి చిక్కుతుంది, మిగిలిన పిప్పి ఎరువు. మంచి తడి చెత్త అయితే టన్నుకు 80 నుంచి 100 ఘనపు మీటర్ల గ్యాసు, అంటే సుమారు 200 యూనిట్ల కరెంటు. రైతు బజార్ల కూరగాయల తుక్కు, హోటళ్ల ఎంగిలి, పూర్ణా మార్కెట్ మిగులు, ఇవన్నీ ఒకేచోట రోజూ దొరికే సరుకు. బయోగ్యాస్ తొట్టికి ఇంతకంటే మంచి మేత దొరకదు. తగలబెట్టే ప్లాంటుకు కూడా ఇదే మేలు, తడి చెత్త వేస్తే బాయిలర్ వేడిలో చాలా భాగం ఆ తడి ఆరబెట్టడానికే పోతుంది.

ఇక్కడే మీ సంఘం పని ఉంది. మీ లిఫ్టు పక్కన తడికి ఒకటి, పొడికి ఒకటి డబ్బాలు పెట్టే ఉంటారు. సాయంత్రం ఒకసారి తడి డబ్బా మూత తీసి చూడండి. కరివేపాకు రెమ్మలతోపాటు కర్రీ పాయింట్ ప్లాస్టిక్ కవరు ముడి విప్పకుండా సాంబారుతో సహా అలాగే పడి ఉంటుంది. ఆ ముడి తొట్టి దాకా వెళ్తే లోపల చెత్తను కలియబెట్టే స్టిర్రర్‌కు చుట్టుకుంటుంది, ప్లాంటు షట్‌డౌన్. మన దేశంలో ఎన్నో బయోగ్యాస్ ప్లాంట్లు మూతపడ్డది టెక్నాలజీ లేక కాదు, ఈ కవర్లు ఏరలేక.

ప్రశ్న: ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేశాను, డీజిల్ జనరేటర్ల మీద అనుభవం ఉంది. బయటి దేశంలో ల్యాండ్‌ఫిల్ గ్యాస్ ప్లాంటులో ఆపరేటర్ ఉద్యోగం ఉందని ఏజెంటు చెప్తున్నాడు. పని ఎలా ఉంటుంది? వెళ్లొచ్చా?
— ఒక యువకుడు, అనకాపల్లి

జవాబు: తమ్ముడూ, అలాంటి చిన్న ప్లాంటులో నేనూ పనిచేశాను కాబట్టి చూసిందే చెప్తాను.

డీజిల్ జనరేటర్ తెలిసినవాడికి ఇంజన్ గది కొత్త కాదు. కొత్తది దిబ్బ. పొద్దున్నే గ్యాస్ ఎనలైజర్ భుజాన వేసుకుని వెల్ నుంచి వెల్‌కు నడవాలి. ప్రతి వెల్ దగ్గర నాజిల్‌కు ట్యూబు తగిలించి అంకెలు చూడాలి, మీథేన్ ఎంత, ఆక్సిజన్ ఎంత, ఉష్ణోగ్రత ఎంత, లాగుడు ఎంత. మీథేన్ 50 దాటి ఉంటే వాల్వు రవ్వంత తెరవొచ్చు, 45 కిందకు జారి ఆక్సిజన్ కనపడటం మొదలైతే రవ్వంత మూయాలి. రవ్వంత అంటే నిజంగా రవ్వంతే, హ్యాండిల్‌ను గోరంత జరపడం. కొత్తగా వచ్చినవాళ్లంతా లోడు పెంచాలన్న ఆత్రంలో బార్లా తెరుస్తారు. గంటసేపు మెగావాట్లు బాగానే కనిపిస్తాయి. తర్వాత దిబ్బ పగుళ్లలోంచి బయటి గాలి లోపలికి పోతుంది, మీథేన్ చేసే జీవులకు ఆక్సిజన్ విషం, అవి చస్తాయి, గ్యాసు పలచబడుతుంది, ఇంజన్ మిస్‌ఫైర్ కొట్టి ట్రిప్ అవుతుంది. అక్కడితో ఆగితే అదృష్టం. గాలి దూరిన చోట చెత్త లోలోపల వేడెక్కి రాజుకుంటుంది, ఆ మంట పైకి కనపడదు. వెల్ ఉష్ణోగ్రత 55 డిగ్రీలు దాటి ఎక్కుతూ ఉందంటే, శాంపిల్‌లో కార్బన్ మోనాక్సైడ్ కనపడిందంటే, దిబ్బ మీద ఒకచోట నేల ఉన్నట్టుండి కుంగిందంటే, అటువైపు నడవడం మానేసి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేయాలి. లోడు పెంచమని కంట్రోల్ రూమ్ ఎంత అరిచినా మంచి ఆపరేటర్ దిబ్బ ఇచ్చినంతే తీసుకుంటాడు.

ఇంజన్ వైపు నిన్ను విసిగించేవి రెండు. ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్, ఇది ఇంజన్ ఆయిల్‌లో కలిసి ఆమ్లంగా మారి బేరింగులు తింటుంది. డీజిల్ సెట్‌కు అలవాటైన లెక్కలో ఆయిల్ మార్చితే ఇక్కడ కుదరదు, శాంపిల్ ల్యాబ్‌కు పంపి దాన్నిబట్టి మార్చాలి. రెండోది ముందు చెప్పిన సిలోక్సేన్లు. సిలిండర్ హెడ్ విప్పి చూస్తే పిస్టన్ మీద, వాల్వుల మీద తెల్లగా, గరుగ్గా పూత పట్టి ఉంటుంది, గోటితో గీకితే గాజు పొడిలా రాలుతుంది. అది మండిన షాంపూ సిలికానే, ఇసుక జాతి. స్పార్క్ ప్లగ్గులు దానివల్లే ముందుగా పోతాయి. పిస్టన్ మీది పూత రాలి లైనర్‌ను గీస్తే ఖర్చు లక్షల్లో.

శరీరానికి సంబంధించి ఒక్కటి గట్టిగా గుర్తుపెట్టుకో. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది, 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు 100 పాళ్లు) దాటితే ముక్కు మొద్దుబారి ఏ వాసనా తెలియదు. కంపు పోయింది, గాలి శుభ్రపడింది అనుకుని కండెన్సేట్ (గొట్టాల్లో గ్యాసు తడి నుంచి చేరిన నీరు) గోతిలోకి వంగినవాళ్లు పడిపోయిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నాయి. నీళ్ల తొట్టి ఎంత చిన్నదైనా ఒంటరిగా దిగకు.

వెళ్లమనే చెప్తాను. అమెరికాలో ల్యాండ్‌ఫిల్ గ్యాసు వాడుకునే ప్రాజెక్టులు 500కు పైగా ఉన్నాయి, యూరప్‌లోనూ తక్కువేం కాదు, నేర్చుకున్న పని రేపు ఇక్కడ బయోగ్యాస్ ప్లాంట్లలో, కంప్రెస్డ్ గ్యాస్ ప్లాంట్లలో అక్షరాలా పనికొస్తుంది. అయితే ఏజెంటు చేతిలో డబ్బు పెట్టేముందు అతను విదేశాంగ శాఖ దగ్గర రిజిస్టరయ్యాడో లేదో ఈ-మైగ్రేట్ సైట్‌లో చూసుకో, కాంట్రాక్టు కాగితం తెచ్చి చూపించమను. అందులో నాలుగు గ్యాసులు చూపించే పర్సనల్ డిటెక్టర్ కంపెనీ ఇస్తుందా, రాత్రి షిఫ్టులో ఇద్దరుంటారా ఒక్కడేనా, ఈ రెండూ రాతలో ఉన్నాయో లేదో చూడు. జీతం గురించి ఆ తర్వాత బేరమాడు. కాగితంలో అర్థం కాని లైను ఏదైనా ఉంటే ఫొటో తీసి ఈ కాలమ్‌కే పంపు, పేరు వేయను.